గొంగడి పరచిన రోజు

నర్సు వృత్తిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు నన్ను కలిసినప్పుడు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: ఇన్నేళ్ళ ఉద్యోగంలో మీరు ఎప్పుడైనా భయపడ్డారా అని. నా గొంతు విని, లేదనే సమాధానం వస్తుందని వాళ్ళు ఆశిస్తారు. నిజానికి నేను రోజూ భయపడ్డాను. భయపడని మనిషి చేతికి సూది ఇవ్వకూడదని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే ఆ రోజువారీ భయం వేరు, తాండూరులో పనిచేసిన కాలంలో ఒక ఎండాకాలమంతా నా వెంట నడిచిన భయం వేరు. ఆ రెండోదాని గురించే రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. వాళ్ళలో బతికి ఉన్నవాళ్ళకు మనుమలున్నారు. పోయినవాళ్ళను అడిగి అనుమతి తీసుకునే వీలు లేదు.

నేను పుట్టుకతో క్యాథలిక్కును. సికింద్రాబాద్‌లో కన్యాస్త్రీలు నడిపే పాఠశాలలో చదివి, నర్సింగూ కాన్పుల పనీ నేర్చుకుని, నిజాము పాలన ముగిసిన కొద్ది కాలానికి వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడ మొదటి ఏడాదిలోనే కుల్కచర్ల వైపునుంచి ఎడ్లబండిలో ఒక స్త్రీని తెచ్చారు. కడుపు దించడానికి ఊళ్ళో ఎవరో మొరటు వైద్యం చేశారు. ఆమె దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. కిటికీ రెక్క కొట్టుకున్నా, గిన్నె చప్పుడైనా ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. స్పృహ మాత్రం చివరిదాకా ఉంది. ఆ కళ్ళు మమ్మల్ని ఒక్కొక్కరినే వెతికాయి. చప్పుడు చేయవద్దని వార్డంతా తిరిగి చెప్పడమే నేను ఆమెకు చేయగలిగిన సేవ. మిట్టమధ్యాహ్నం ప్రాణం పోయింది. బయట బండిలో ఆమె పిల్లలిద్దరూ చెరుకుముక్క నములుతూ కూర్చుని ఉన్నారు.

ఆ వార్డు చూసే డాక్టరుగారు వయసు మళ్ళిన ముస్లిం పెద్దమనిషి. ఆ రోజు ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నారు. 

తరువాత నన్ను తాండూరుకు పంపారు. స్టేషనుకు దగ్గరలో, నాపరాళ్ళు మోసుకెళ్ళే బండ్ల దారి పక్కన, కన్యాస్త్రీలు నడిపే చిన్న దవాఖానా అది. పెద్ద సిస్టరు మంగుళూరు వైపు మనిషి. అందరం మదర్ అనేవాళ్ళం. పనిలో క్రమం తప్పితే క్షమించేది కాదు, అందువల్ల ఆమెకూ నాకూ చక్కగా కుదిరింది. వరండాలో రోగులు వచ్చిన వరుసలోనే కూర్చోవాలనీ, ఉమ్మినవాళ్ళు వరుస చివరికి వెళ్ళాలనీ నేను నియమం పెట్టాను. పాపం ఒక అధికారిగారి అత్తగారు ఒక్క పూటలోనే రెండుసార్లు చివరికి వెళ్ళవలసి వచ్చింది. వారానికి ఒకరోజు వికారాబాద్‌నుంచి ఆ డాక్టరుగారే రైలులో వచ్చి రోగులను చూసి వెళ్ళేవారు.

శివరాత్రి దాటిన తరువాత ఒకరోజు బషీరాబాద్ వైపు పల్లెనుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. గొర్రెల కాపరుల కుటుంబం. ముసలామె భుజాన అంత ఎండలోనూ నల్ల గొంగడి ఉంది. వెనుక తల వంచుకుని ఉన్నది ఆమె కోడలు, ఇరవై దాటిన మనిషి, చేతులకు గాజులు లేవు.

"కడుపుల గడ్డ లేసిందమ్మ దీనికి," అంది ముసలామె. "కరిగే మందు ఏమన్న ఉంటే ఇయ్యి."

లోపలికి తీసుకెళ్ళి పరీక్షించాను. "ఇది గడ్డ కాదు, అవ్వా. గర్భం. ఐదు నెలలు నిండాయి."

"గడ్డనే అనుకో. నీదేం పోతది?"

"అనుకుంటే అయిపోదు."

"దీని మొగడు సచ్చి రెండేండ్లాయె. గడ్డ గాకపోతే ఇంకేమైతదమ్మ?"

నేను ఆ పని చేయననీ, ఈ దవాఖానాలో ఎవరూ చేయరనీ స్పష్టంగా చెప్పాను. అంతటితో ఆగలేదు. తల్లితనమంటే తనను తాను మరిచిపోవడమనీ, తన సుఖం, తన పరువు పక్కన పెట్టి ఇంకొక ప్రాణానికి చోటివ్వడమనీ ఆ అమ్మాయికి చెప్పాను. మాటలు బాగానే కుదిరాయి. ఆమె నేలవైపే చూస్తోంది. ముసలామె అంతా ఓపికగా విని, "నీకు పిల్లలెందరమ్మ?" అని అడిగింది.

"నాకు పెళ్ళి కాలేదు."

"గందుకే," అంది.

తలుపు దగ్గర నిలబడిన మా ఆయా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ మఠంల పిల్లలు తక్కువైన్రా ఏంది? పుడితే మీరే పట్టుకపోతరు, నెత్తిమీద నీళ్ళు పోసి మీల కలుపుకుంటరు. గందుకేనా వద్దంటున్నవ్?" అని, జవాబు కోసం ఆగకుండా కోడలి రెక్క పట్టుకుని బయటికి నడిచింది.

ఆ రోజు డాక్టరుగారు తాండూరులోనే ఉన్నారు. జరిగింది చెప్పాను. సరైన పని చేసినట్టు ఆయన ఒప్పుకుంటారని నా నమ్మకం.

"వద్దన్నవు. మంచిది," అన్నారు, చాయ్ సాసరులో పోసుకుంటూ. "నేనూ వద్దనే అంటా. నా మజ్‌హబ్ ఒప్పుకోదు, చట్టం గూడ ఒప్పుకోదు. మరి ఆమె ఈడనుంచి ఎక్కడికి పోయింది, బేటీ?"

"ఇంటికి."

"వికారాబాద్‌ల ఆ బండి గూడ ఇంటికాడ్నుంచే వచ్చింది కద."

ఆ మాటతో మొదలైంది నేను చెబుతున్న భయం. పట్టాలమీద ఎవరో ఆడమనిషి పడిందని విన్నా, వరండా ముందు బండి ఆగినా, పరుగెత్తేదాన్ని. ముందు ముఖం చూసుకుని, ఆమె కాదని తెలుసుకుని, ఆ తరువాతే రోగి దగ్గరికి వెళ్ళేదాన్ని. కాని ఆమె కాకపోతే, అలా వచ్చిన ఇంకెవరో ఒకరు ఎప్పుడూ ఉండేవారు. ఆమె కాదన్న ఊరట కలిగినందుకు మళ్ళీ సిగ్గుపడేదాన్ని.

గర్భంలో పడిన ప్రాణం దేవుడిదనీ, దాన్ని తీసే హక్కు తల్లికీ వైద్యుడికీ ఊరికీ లేదనీ మా క్యాథలిక్ సభ చెబుతుంది. దాన్ని మొదట పాఠంగా నేర్చుకున్నాను. ఆ తరువాత, నెలలు నిండక ముందే జారిపోయిన శిశువులను దోసిట్లో పట్టుకున్న చేతులతో నమ్మాను. వేళ్ళకు గోళ్ళు కూడా ఉంటాయి. ఆ తరువాతి కాలంలో దేశంలో చట్టం మారింది. నా నమ్మకం మారలేదు. మీలో చాలామంది నాతో ఏకీభవించరని తెలుసు. ఏకీభవించమని అడగడం లేదు, చివరిదాకా చదవమని అడుగుతున్నాను. ఎందుకంటే వద్దు అని చెప్పిన మనిషి అక్కడితో తన పని అయిపోయిందనుకుంటే ఆ నమ్మకం సగంలోనే ఆగిపోతుంది. మరియ తల్లి గర్భవతి అయిన తన చుట్టం ఇంటికి కొండదారిన నడిచి వెళ్ళిన కథ చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఆమె అక్కడికి వెళ్ళి ఉపదేశం చేసినట్టు ఎక్కడా వినలేదు. వెళ్ళింది, నెలల తరబడి ఉంది.

ఉగాది దగ్గరపడుతుండగా, అంగడి మరునాడు ఉదయం మా ఆయా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అంగట్ల ఆ ముసల్దాన్ని చూసినమ్మ. గొంగళ్ళు అమ్మనీకి వచ్చింది. పక్కూరి మందుల మనిషితోని మాట్లాడుతుండె. అది చెయ్యి పెట్టినోళ్ళల్ల ఎందరు బతికిన్రో నాకెరుక. రేపు మా ఇంటికి రా అని ముసల్ది చెప్తుంటే నా చెవులార విన్న."

రేపు అంటే ఆ రోజే.

దవాఖానా సిబ్బంది పిలుపు లేకుండా పల్లెలకు వెళ్ళకూడదన్నది మదర్ పెట్టిన నియమం. నేను ఆమె గదిలోకి వెళ్ళి విషయం చెప్పాను.

"పిలవని ఇంటికి వెళ్ళడం మర్యాద కాదు," అంది మదర్, తన పుస్తకభాషలో.

"కాదు, మదర్."

"ప్యాసింజరు రైలు ఇంకా రాలేదు. త్వరగా వెళ్ళుము. మర్యాద సంగతి నేను చూచుకొందును."

బషీరాబాద్ స్టేషనులో దిగి, కంది కోసిన చేలమీదుగా నడిచాను. కంది మోళ్ళు చీర అంచును పట్టి లాగాయి. దారిలో చూసిన ప్రతి ఆడమనిషీ ఆ మందుల మనిషే అనిపించింది. పల్లె మొదట్లోనే కాపరుల కుక్కలు చుట్టుముట్టాయి. పొట్టేలంత ఎత్తు కుక్కలవి. నేను శిలువ గుర్తు వేసుకుని కదలకుండా నిలబడ్డాను. నా భక్తికి అవి పెద్దగా చలించలేదు గాని, ఒక ఇంట్లోంచి ముసలామె గొంతు వినబడి వెనక్కి తగ్గాయి.

"గీ అమ్మ ఈడికెట్ల వచ్చింది?" అని వాకిట్లోకి వచ్చింది ఆ ముసలామే. భుజాన అదే గొంగడి.

"నీ కోడలు ఎక్కడ?"

"తల్లిగారింటికి పోయింది."

ఇంటి లోపల దగ్గు వినబడింది. నేను ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళాను. కోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నాలుగేళ్ళ కూతురు ఆమె ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతోంది. నుదురు ముట్టి చూశాను, జ్వరం లేదు. ఆ మందుల మనిషి ఇంకా రాలేదు. అప్పుడు నేనూ నేలమీద కూర్చున్నాను.

వికారాబాద్‌లో చనిపోయిన స్త్రీ గురించి ఇద్దరికీ చెప్పాను. ఏదీ దాచలేదు. బిగిసిన దవడలు చెప్పాను, వంగిన ఒళ్ళు చెప్పాను, బండిలో కూర్చున్న పిల్లల సంగతి చెప్పాను. తరువాత, "నాతో తాండూరు రా. నా ఇంట్లో ఉండు. కాన్పయ్యేదాకా నేను చూసుకుంటాను," అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"నీతోని వస్తే నన్ను కులంకెల్లి ఎల్లగొడ్తరమ్మ. నా ఫికర్ గాదు, నేను యాడనన్న బతుకుత. నా బిడ్డను గుంజుకుంటరు. మొగని తరపు పిల్ల, మా పాలోళ్ళ సొత్తు అంటరు. మళ్ళ దాని మొకం చూడనియ్యరు. గీ కడుపు పోతే నా బిడ్డ నా కాడ ఉంటది. నేను సస్తే సస్త."

తాండూరులో నేను ఎవరికి ఉపదేశించానో అప్పుడు తెలిసింది. ఆమె దగ్గర త్యాగానికి కొదవ లేదు. కూతురి కోసం తన ఒళ్ళు మృత్యువుకు అప్పగించడానికి సిద్ధపడి కూర్చుంది. ఇంకా ఇమ్మని అడగడానికి ఆమె దగ్గర ఏమీ మిగలలేదు. ఇక ఎవరైనా ఏదైనా వదులుకోవలసి ఉంటే, అది ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు.

"ఈ కడుపు ఎవరిది?" అని అడిగాను.

ఆమె అత్తవైపు చూసింది. ముసలామె గడపలో నిలబడి బయటికి చూస్తోంది.

"నీకెరుకనే కద, అత్తా," అంది అమ్మాయి. "నీ చిన్న కొడుకే. మారుమనువు చేసుకుంటనన్నడు. మందెంట పోయిండు."

భర్త చనిపోయిన స్త్రీని మరిది మనువాడడం వాళ్ళలో తప్పు కాదు, ఆచారమే. కాని ఆ చిన్న కొడుకుకు యాలాల్ వైపు పెద్ద మందలున్న ఇంటి పిల్లను మాట్లాడుకున్నారు. ఆ సంబంధంతో ఈ ఇల్లు నిలబడుతుందని ముసలామె ఆశ. అతను గొర్రెలను తోలుకుని, మేత ఉన్న నదీతీరాలకు వెళ్ళాడు. వానలు పడితేగాని మందలు తిరిగిరావు. అప్పటిదాకా కబురు పంపే దారి లేదు.

"నేను సస్తే నా బిడ్డను నువ్వు సాదుతవా, అత్తా?" అని అడిగింది అమ్మాయి. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ముసలామె ఆమెవైపు చూసింది, నిద్రపోతున్న పిల్లవైపు చూసింది. గొంగడి సర్దుకుని వాకిలి దాటి వెళ్ళిపోయింది.

ఆమె ఆ మందుల మనిషిని తీసుకురావడానికి వెళ్ళిందని నేను అనుకున్నాను. అలా కాక ఇంకేమనుకోగలను? తలుపు మూసి, గడియ సరిగ్గా పడకపోతే వీపు ఆనించి కూర్చున్నాను. జపమాల తీశాను గాని మాటలు వరుస తప్పాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి తలుపు నెడితే ఏం చేస్తానని ఆలోచించాను. కత్తెర ఉంది, నా సంచిలో. ఆ ఆలోచన రాగానే సంచిని దూరంగా నెట్టాను. అమ్మాయి నన్నే చూస్తోంది. "భయమైతుందా అమ్మ నీకు?" అని అడిగింది. అవునన్నాను. "నాకు గూడ," అని, కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది.

ఎండ నడినెత్తికి వచ్చాక చాలా కాళ్ళ చప్పుడు వినబడింది. తలుపు సందులోంచి చూశాను. ఆడవాళ్ళు కాదు. తలపాగాలు చుట్టుకుని, కర్రలు పట్టుకుని పదిమందికి పైగా ముసలి మగవాళ్ళు. వాళ్ళ వెనుక ఊళ్ళో ఆడవాళ్ళు. కులపెద్దలు. అమ్మాయిని వెళ్ళగొట్టడానికే వచ్చారని నాకు తోచింది. ఆమెకూ అదే తోచినట్టుంది. పిల్లను లేపి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు పిలిపిచ్చినవే గీ ఎండల?" అని అందరికంటే పెద్దాయన అడిగాడు.

"చెప్పేటిదుంది. కూసోండ్రి," అంది ముసలామె గొంతు.

పిలిచింది ఆమే. నేను తలుపు తీసి బయటికి వచ్చాను.

"గీ తెల్లచీరె ఎవరు?"

"తాండూర్ దవాఖాన్ల నర్సమ్మ. నా ఇంటికొచ్చిన సుట్టం. గామె జోలి మీకొద్దు."

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. గొంగడి భుజాన ఉన్నంతసేపు మనిషి పెద్దల ఎదుట నిలబడి వాదించవచ్చు. దాన్ని తీసి నేలమీద పరిచిందంటే తప్పు తనదని ఒప్పుకున్నట్టు. ఆపైన పెద్దలు ఏం చెప్పినా దాటకూడదు. ఇది నాకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం, ముసలామె భుజంమీది గొంగడి తీసి దులిపి మట్టిలో పరుస్తుంటే, కూర్చోవడానికి కాబోలనుకున్నాను. గుంపులో ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

"నా కోడలుకు కడుపైంది," అంది. "నా చిన్నకొడుకుతోని. మాటిచ్చి పోయిండు. నాకెరుకనే, ఎరుక లేనట్టు తిరిగిన. మాట్లాడుకున్న సంబంధం చెడుతదని నేనే కడుపు తీపిద్దామనుకున్న. తప్పు దానిది గాదు, నాది. ఏం చేస్తరో నన్ను చెయ్యుండ్రి."

ఒక మనిషి లేచి నిలబడ్డాడు. యాలాల్ పిల్లకు మేనమామ అట. "ఇగ మా పిల్లను ఇయ్యం," అని చెప్పి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ముసలామె అతను వెళ్ళినవైపు చూడలేదు. పెదవి మాత్రం లోపలికి ముడుచుకుంది.

"నీ కొడుకు ఊర్లె లేడు," అన్నాడు పెద్దాయన. "నువ్వు చెప్తే అయితదా? రేపొచ్చి వాడు కాదంటే?"

"కాదంటే నన్ను గూడ ఎల్లగొట్టుండ్రి. నలుగురం కలిసే పోతం."

"ముగ్గురే కదనే."

"నలుగురం," అంది మళ్ళీ.

పెద్దలు సగం కన్నడంలో, సగం తెలుగులో చాలాసేపు మాట్లాడుకుని తీర్పు చెప్పారు. కొడుకు తిరిగి వచ్చి, తనదని ఒప్పుకునేదాకా ఆ ఇల్లు వెలి. ఎవరూ నిప్పు ఇవ్వరు, నీళ్ళు తోడనివ్వరు, కాన్పుకు రారు. ఒప్పుకుంటే మారుమనువు చేసి ఇంటిని కులంలో కలుపుకుంటారు. కాదంటే నాలుగేళ్ళ పిల్ల తండ్రి తరపు పాలివాళ్ళకు, తక్కిన ఆడవాళ్ళు పొలిమేరకు. అంతా అతని ఒక్క మాటమీద ఉంది. అతనెలాంటివాడో ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ నమ్మకం లేదు, నేను చూడనేలేదు.

ఆ మందుల మనిషి రాలేదు. ముసలామె పెద్దలను పిలవడానికి వెళ్తూ దారిలో ఎదురై, వెనక్కి పంపేసిందట.

ఆపైన వారానికోసారి, ఆదివారం పూజ అయ్యాక, నేను ఆ పల్లెకు వెళ్ళేదాన్ని. అగ్గిపెట్టెలు, ఉప్పు, నెత్తురు పట్టే మాత్రలు మోసుకెళ్ళేదాన్ని. నీళ్ళు వాగు చెలమనుంచి ముసలామే తెచ్చేది. స్టేషనులో దిగగానే ఆ ఇంటిమీద పొగ లేస్తోందా అని చూసేదాన్ని. పొగ ఉంటే మనుషులు ఉన్నట్టు. ఒక ఆదివారం పొగ లేదు. చేలకు అడ్డంపడి పరుగెత్తాను. వెళ్ళి చూస్తే అత్తాకోడళ్ళు అంబలి మాడినందుకు తిట్టుకుంటున్నారు, పొయ్యి ఆరిపోయి ఉంది. ఇద్దరినీ కలిపి నేనూ తిట్టాను.

అదే ఎండాకాలంలో మద్రాసులో నర్సింగ్ బోధకుల శిక్షణకు నన్ను ఎంపిక చేశారు. చేరవలసిన సమయమూ కాన్పు సమయమూ ఒక్కటే అయ్యాయి. నేను వెళ్ళలేదు. ఆ స్థానం ఇంకొకరికి వెళ్ళింది, ఆమె చాలా బాగా బోధించిందని విన్నాను. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు నవ్వు వస్తుంది. కులపెద్దల ముందు గొంగడి పరచిన మనిషిని చూశాక ఆ మాటను నా విషయంలో వాడుకోవడం నాకు చేతకాదు. పైగా ఆ ఊరి కుక్కలు అప్పుడప్పుడే నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టాయి.

మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చింది గాని వాన రాలేదు. నేను సెలవు పెట్టి ఆ ఇంట్లోనే ఉన్నాను. నొప్పులు ఒక ఉదయం మొదలయ్యాయి. కాన్పు తేలికగానే అయింది; ఆడపిల్ల. వెంటనే ఏడ్చింది. మాయ పడిన తరువాత నెత్తురు ఆగలేదు. డాక్టరుగారు ఇచ్చి పంపిన సూది వేశాను, పొట్ట పిసుకుతూ కూర్చున్నాను. ముసలామె నేను చెప్పకముందే మంచం కాళ్ళవైపు బండలు పెట్టి ఎత్తింది. అమ్మాయి పెదవులు నాపరాయి రంగుకు తిరిగాయి. నా చేతుల కింద గర్భసంచి కండ వదులుగా, తడిగుడ్డలా ఉంది. వికారాబాద్ గుర్తొచ్చింది. నేను వద్దన్నాను, అందువల్ల ఈమె పోతోందని అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నానేమో తెలియదు. "పిసుకు, బిడ్డా, పిసుకు," అంటోంది ముసలామె. నన్నే అంటోంది. నా చేతులు తిమ్మిరెక్కితే ఆమె చేతులు నా చేతులమీద పెట్టి అదిమింది. ఎంతసేపో చెప్పలేను. చివరికి ఆ కండ గట్టిపడింది, చెక్కబంతిలా. నెత్తురు తగ్గింది. సాయంత్రానికి అమ్మాయి కళ్ళు తెరిచి గంజి అడిగింది.

ఆ వారంలోనే వాన పడింది. వానతోపాటు మందలు తిరిగి వస్తున్నాయని కబురు వచ్చింది. అప్పుడు అందరికంటే ఎక్కువ భయపడ్డది ముసలామె. ఉదయంనుంచీ ఏదో ఒకటి ఊడుస్తూనే ఉంది. వాగు దగ్గరే పెద్దలు కొడుకును ఆపి అంతా చెప్పారనీ, అతను ఏ జవాబూ ఇవ్వకుండా గొర్రెలను తోలుకుని వస్తున్నాడనీ ఎవరో గోడ అవతలినుంచి చెప్పి వెళ్ళారు. "ఏమనలేదా?" అని ముసలామె రెండుసార్లు అడిగింది. గోడ అవతల ఎవరూ లేరు.

కాసేపటికి మంద వీధిలోకి తిరిగింది. ముందు ఒక పెద్ద పొట్టేలు, దాని మెడలో కంచు గంట. దాని పక్కన అతను, తడిసిన బట్టలతో, గడ్డం పెరిగి. వెనుక కొంత దూరంలో పెద్దలు నిలబడ్డారు. లోపల అమ్మాయి లేచి కూర్చుంది. పెద్దకూతురి చెయ్యి పట్టుకుంది. నేను గడపలో ఉన్నాను.

ముసలామె వాకిట్లోకి వెళ్ళింది. 

"మందను ఆడనే ఆపు," అంది. "బిడ్డ గిప్పుడే పండుకున్నది."

అతను ఆగాడు. తల్లిని చూశాడు. నన్ను చూశాడు. నా వెనుక చీకటి గదిలోకి చూశాడు. వాన జల్లు మొదలైంది. ఎవరూ కదలలేదు. ఇంతలో పొట్టేలు నీళ్ళు విదిలించుకోవడానికి మెడ ఊపింది. గంట గట్టిగా మోగింది. లోపల పిల్ల ఉలిక్కిపడి సన్నగా ఏడ్చింది.

అతను వంగి ఆ గంటను పిడికిట్లో పట్టుకున్నాడు. రెండో చేత్తో పొట్టేలు వీపునుంచి ఉన్ని పీకి, ఉండ చేసి, గంట నోట్లో కుక్కాడు. సరిపోకపోతే మళ్ళీ పీకాడు. లోపల ఏడుపు ఆగేదాకా అలాగే వంగి ఉన్నాడు.

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒప్పుకుంటావా అని ఎవరూ అతన్ని ఇక అడగలేదు. తడిసిన గొర్రెలు ఒకదాని వెనుక ఒకటి, గంట చప్పుడు లేకుండా, దొడ్డిలోకి వెళ్ళాయి.